అప్‌డేట్: కొండలు ఆకాశానికి అతికించినట్టు కనిపించే సమస్య తీరింది

బ్లెండర్‌లో (3డి దృశ్యాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) చేస్తున్న సాయంత్రపు దృశ్యంలో ఆకాశానికి ఏ నారింజ రంగు వేసినా కొండలు కత్తిరించి అతికించినట్టే ఉన్నాయని కిందటి నెల అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

తప్పు రంగులో లేదు, వెలుగు దిశలో ఉంది. ఆకాశపు చిత్రంలో సూర్యుడు ఎడమవైపు, దిగంతానికి ఆనుకుని ఉన్నాడు. నేను పెట్టిన సూర్యకాంతి మాత్రం కుడివైపు నుంచి, 40 డిగ్రీల ఎత్తులో వస్తోంది! "ముందు నీడలు ఎటు పడుతున్నాయో చూడండి" అన్న సలహాతోనే ఇది బయటపడింది. ఆ సూర్యకాంతిని ఎడమవైపు తిప్పి 6 డిగ్రీల ఎత్తుకు దించగానే చెట్ల నీడలు గడ్డి మీద పొడవుగా సాగాయి. కాంతి కోణాన్ని, అంటే సూర్యబింబం ఎంత వెడల్పుగా కనిపించాలో చెప్పే సెట్టింగ్‌ను, అసలు సూర్యుడిలాగే సుమారు 0.53 డిగ్రీలు చేశాను. ఇప్పుడు నీడ అంచు మొదలు దగ్గర పదునుగా ఉండి, దూరం వెళ్లేకొద్దీ మెత్తబడుతోంది. చూస్తుంటే ఎంత హాయిగా ఉందో.

నీడలకు నలుపు కలపడం కూడా మానేశాను. ఎండ తగలని చోటికి వెలుగు పై ఆకాశం నుంచే వస్తుంది కనుక అక్కడ నీలి ఛాయే నప్పింది. దూరపు కొండల మీద దిగంతపు రంగుతో పలుచని పొగమంచు పరిచాక అవి ఆకాశంలో కలిసిపోయాయి.

రెండర్ శాంపిళ్లు (తుది చిత్రంలో ఒక్కో బిందువుకు వెలుగును ఎన్నిసార్లు లెక్కగట్టాలనే సంఖ్య) పెంచడం, రంగుల గాఢత తగ్గించడం ఈ సమస్యకు ఏమాత్రం పనికిరాలేదు.