తోటి ఫ్రీలాన్సర్ల పని చూసి నేర్చుకోవడం ఎలా? (లోగోలు, ప్యాకెట్ లేబుళ్లు, విజయనగరం)

నాగావళి_గట్టు:
విజయనగరంలో ఉంటూ లోగోలు, ప్యాకెట్ లేబుళ్లు, తెలుగు పోస్టర్లు ఫ్రీలాన్స్‌గా చేస్తున్నాను. పక్కన కూర్చోబెట్టుకుని చూపించే సీనియర్ లేరు. బిహాన్స్‌లో (డిజైనర్లు తమ పనులు పెట్టుకునే సైటు), ఇన్‌స్టాగ్రామ్‌లో కలిపి 80 మందిని ఫాలో అవుతున్నాను. సేవ్ చేసినవి వందల్లో ఉన్నాయి గానీ చేతికి పట్టుబడింది తక్కువ. ఎంతమందిని చూడాలి, వాళ్లలో ఏం చూడాలి? కాస్త వివరంగా చెప్పండి.

వంశధార_నీరు:
80 మందిని చూడటమంటే సంతలో తిరగడమేనండి. ఆరుగురికి కుదించండి. మీ పనే చేస్తూ మీకంటే రెండు మూడేళ్లు ముందున్నవాళ్లు ముగ్గురు, పది పదిహేనేళ్లుగా నిలదొక్కుకున్నవారు ఒకరు, తెలుగు అక్షరాల మీద పనిచేసేవారు ఒకరు, ఆరో మనిషి ప్రింటింగ్ వైపువారో ప్రొడక్ట్ ఫొటోగ్రాఫరో. మరీ పెద్దవాళ్లనే పెట్టుకుంటే మధ్యలో మెట్లు కనబడవు.

ఇన్‌స్టాగ్రామ్ ఫీడులో మనిషి నడిచిన దారి తెలియదు. వాళ్ల సొంత వెబ్‌సైటు చిరునామాను, వెబ్ పేజీల పాత రూపాలు దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్ సైటులో పెట్టి, రెండేళ్లకొకటి చొప్పున మూడు పాత పేజీలు తెరవండి. పాత బొమ్మలు కొన్ని తెరుచుకోవు, రాత మాత్రం చాలావరకు ఉంటుంది, మనకు కావాల్సింది అదే. బిహాన్స్‌లో ప్రాజెక్టుకు ప్రచురించిన తేదీ ఉంటుంది, పాతదాని నుంచి కొత్తదానికి రండి. కొత్తగా ఏం చేర్చారన్నది అందరూ చూస్తారు. వాళ్లు ఏం తీసేశారో మీరు చూడండి. మొదట్లో "లోగో, ఫ్లెక్సీ, పెళ్లికార్డు, విజిటింగ్ కార్డు" అని రాసుకున్నవారు తర్వాత "ఆహార ఉత్పత్తుల ప్యాకేజింగ్" ఒక్కటే ఉంచారనుకోండి. అలాంటి క్లయింట్లు ఏ ఏడాది నుంచి కనబడుతున్నారో వెతకండి. పేజీలో మాట మారేలోపే పని మారి ఉంటుంది, ఎక్కువసార్లు.

ఒక షీటులో నాలుగు గడులు చాలు: తేదీ, కనబడింది, నా ఊహ, నేను చేసి చూడాల్సింది. కనబడినదాన్నీ ఊహనూ ఒకే గడిలో రాస్తే నెల తిరిగేసరికి ఊహే నిజమైపోతుంది. "రేటు పెంచారు, అందుకే పెద్ద క్లయింట్లు వచ్చారు" అని రాసుకుంటాం. క్లయింట్లు వచ్చాకే రేటు పెంచి ఉండొచ్చు. తేదీలు చూస్తేనే తేలుతుంది. మనిషికి నెలకు ఒక సాయంత్రం, ముప్పావుగంట, అంతకుమించి వద్దు.

సిరిమాను_వీధి:
చూసిన ప్రతి పది పనుల్లో ఒకటైనా మీ చేత్తో మళ్లీ తయారుచేయాలి, లేకపోతే కళ్లకే గానీ చేతికి రాదు. మీది లేబుళ్ల పని కాబట్టి, మీరు చూసే డిజైనర్ చేసిన ప్యాకెట్ ఒకటి అసలుది కొనండి. పావుకిలో పలాస జీడిపప్పుదైనా సరే. అతుకు దగ్గర విప్పి, పరిచి, స్కేలుతో కొలవండి. పోర్ట్‌ఫోలియో మాకప్‌లో (నమూనా బొమ్మలో) చూపించేది ముందువైపే, కష్టమంతా వెనకవైపు ఉంటుంది. ఆకుపచ్చ గీతల చదరంలో ఆకుపచ్చ చుక్క, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు, నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ, పోషకాల పట్టిక, ఫిర్యాదులకు ఫోన్ నంబరు, బార్‌కోడ్... ఇవన్నీ అరచేతంత జాగాలో ఎలా సర్దారో చూడండి. బరువు అంకెల కనీస ఎత్తు 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల్లో ఉంది. అందం కోసం దాన్ని తగ్గించే వీల్లేదు.

తర్వాత అదే కొలతలో, చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపు కోసం అంచు దాటించే రంగు) వదిలి ఆ లేబుల్‌ను మీరే చేయడం మొదలుపెట్టండి. తెలుగు తిప్పలు ఇక్కడే బయటపడతాయి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేరాకు వరల్డ్ రెడీ కంపోజర్ (తెలుగు లాంటి లిపులను సరిగా పేర్చే సెట్టింగు) పెట్టకపోతే వత్తులు విడిపోతాయి. పాత పద్ధతి అను ఫాంట్‌లో కొట్టిన మేటర్‌కి యూనికోడ్ ఫాంట్ తగిలిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ముందు కన్వర్టర్‌లో మార్చి, అక్షరం అక్షరం చదువుకోవాలి. ఇంగ్లిషుకు సరిపోయిన లైన్ల ఎడం తెలుగుకు చాలదు, పై లైను వత్తు కింది లైను గుడికి తగులుతుంది. ముదురు రంగు మీద సన్నటి తెల్ల అక్షరాలు స్క్రీన్ మీద బాగుంటాయి, ప్రింటులో ఇంకు పాకి పూడుకుపోతాయి. 100 శాతం సైజులో ప్రింటు తీసి అసలు ప్యాకెట్ పక్కన పెడితే, ఆ డిజైనర్ ఎందుకంత లావు అక్షరం వాడారో అప్పుడు తెలుస్తుంది.

ఇది సాధన వరకే. పోర్ట్‌ఫోలియోలో పెట్టకండి, ఆ కష్టం వాళ్లది.

పొందూరు_పోగు:
అక్షరాల విషయం ఒక్కటి చెబుతాను. గూగుల్ ఫాంట్స్‌లో గురజాడ, గిడుగు అని రెండు తెలుగు ఫాంట్లున్నాయి. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పెద్దల పేర్లే, చూస్తే సంతోషమేస్తుంది. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి ఉచితంగా దొరికే ఫాంట్ల తయారీ సాఫ్ట్‌వేర్ ఫాంట్‌ఫోర్జ్‌లో విప్పి చూడొచ్చు. 'స్త్రీ', 'క్ష్మి' లాంటివి విడిగా గీసి పెట్టారా, ముక్కలు పేర్చి కట్టారా అన్నది గమనించండి. పోస్టర్ హెడ్డింగు చేత్తో గీసేటప్పుడు వత్తుకి ఎంత జాగా వదలాలో దీంతో బాగా తెలుస్తుంది.

నాగావళి_గట్టు:
చాలా ఉపయోగమండి. మరి రేట్ల సంగతి? అడిగితే ఎవరూ చెప్పరు. మెసేజ్ పెడితే జవాబే రాదు.

గజపతి_కోట:
"ఎంత తీసుకుంటారు" అంటే చెప్పరు బాబూ. వాళ్ల పని ఏదో ఒకటి పేరుపెట్టి, దాని గురించే అడగాలి: "ఆ లేబుల్‌కి ఎన్ని రివిజన్లు ఒప్పుకున్నారు? అడ్వాన్స్ ఎంత శాతం? సోర్స్ ఫైలు ఇచ్చారా, విడిగా డబ్బు తీసుకున్నారా?" వీటిలో ఒక్కటే, ఒక మెసేజ్‌లో ఒక్కటే. నాలుగు లైన్లు దాటనివ్వకండి, మీ పోర్ట్‌ఫోలియో లింకు జత చేయకండి. చేస్తే పని అడుగుతున్నారనుకుంటారు. జవాబు వస్తే, దాన్ని మీ పనిలో ఎలా వాడారో ఓ వారంలో చెప్పండి. రెండో ప్రశ్నకు జవాబొచ్చేది అలా చెప్పినవాళ్లకే.

అప్‌వర్క్, ఫైవర్ అని విదేశీ క్లయింట్ల పనులు దొరికే సైట్లున్నాయి. అప్‌వర్క్‌లో కొందరి ప్రొఫైల్ కింద పూర్తయిన పనులు, మొత్తాలు కనబడతాయి, కొందరు దాచుకుంటారు. కనబడిన అంకె చేతికొచ్చేది కాదు, కమీషన్ పోవాలి. ఫైవర్‌లో 20 శాతం కోత, అంటే 5,000 ఆర్డరుకు 4,000 మిగులుతుంది. ఆ డాలరు రేటును మన ఊరి స్వీటు షాపుకి చెబితే పని పోతుంది, షాపు రేటును విదేశీ క్లయింటుకి చెబితే మీరు పోతారు. అందుకే రూపాయలు పక్కనపెట్టి, ఆ పనికి మీకు ఎన్ని గంటలు పడుతుందో, వాళ్లకెన్ని పట్టి ఉంటాయో పోల్చుకోండి.

ఇంకొకటి. మీ ఆరుగురిలో ఎవరైనా ఫ్రీలాన్స్ మానేసి ఉద్యోగంలో చేరితే లిస్టులోంచి తీసేయకండి. వాళ్ల ఆఖరి ఏడాది పనులు తీసి, మొత్తం ఒక్క క్లయింటు చేతిలోనే ఉండిపోయిందా అన్నది చూడండి. నిలబడ్డవాళ్ల పేజీల్లో అది దొరకదు.