సర్వర్ అప్‌గ్రేడ్ తర్వాత మెయిళ్లు రావు, పోవు: స్పామ్ ఫిల్టర్ ఆపేయాలా?

ప్రశ్న – చిత్తూరు, జ్యూస్ ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ. నేను ఎగుమతి కాగితాలు చూస్తాను. కంప్యూటర్ల పని కూడా నా మెడకే చుట్టుకుంది. కంపెనీ పేరుతో సొంత డొమైన్ మీద పది పన్నెండు మెయిల్ ఐడీలు ఉన్నాయి. శనివారం రాత్రి సర్వర్ అప్‌గ్రేడ్ చేస్తామని హోస్టింగ్ వాళ్లు ముందే చెప్పారు. సోమవారం ఆఫీసు తెరిచినప్పటి నుంచి ఒకటే యాష్ట.

ఒక సిస్టమ్‌లో అవుట్‌లుక్ పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంది. ఇంకోదాంట్లో మెయిళ్లు వస్తున్నాయి గానీ పోవడం లేదు. మేనేజర్ గారి ఫోన్‌లో మాత్రం అంతా బాగుంది. ఇది చాలదన్నట్టు లోన్లు, లాటరీల మెయిళ్లు ఇన్‌బాక్స్ నిండా పడుతున్నాయి. సౌదీ బయ్యర్ పంపిన ఆర్డర్ మెయిల్ మాత్రం రాలేదు. ఆయన వాట్సాప్‌లో గట్టిగా అడిగేదాకా మాకు తెలియనే తెలియదు. తోతాపురి సీజన్ మధ్యలో ఉన్నాం, గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరాయి, టెన్షన్‌గా ఉంది. హోస్టింగ్ వాళ్లేమో "మా వైపు అంతా కరెక్టే సార్" అంటున్నారు. స్పామ్ ఫిల్టర్ మొత్తం ఆపేస్తే బయ్యర్ల మెయిళ్లు వచ్చేస్తాయా?

జవాబు – పుత్తూరు

ఆపేయండన్నా. మా షాపులో ఆపేశాం. చెత్త వస్తే వస్తుంది, చేత్తో డిలీట్ కొట్టుకుంటే పోతుంది.

జవాబు – తిరుపతి, చిన్న ఆఫీసులకు మెయిల్ సర్వర్లు చూసే పని నాది

ఆపొద్దు సార్. షాపుకి సరిపోవచ్చు గానీ, విదేశాలతో డబ్బు లావాదేవీలు జరిపే ఆఫీసుకి అది ప్రమాదం. ఎందుకో కిందికి వచ్చాక చెప్తాను.

ముందు సౌదీ మెయిల్ సంగతి. బ్రౌజర్‌లో వెబ్‌మెయిల్ తెరిచి, ఆ ఐడీతో లాగిన్ అయి, ఎడమ పక్కన స్పామ్ లేదా జంక్ అనే ఫోల్డర్ చూడండి. నా అనుమానం ఆ మెయిల్ అక్కడే ఉంది. మీ అవుట్‌లుక్‌లో అకౌంట్లు పాప్ పద్ధతిలో (మెయిళ్లను సిస్టమ్‌లోకి దించుకునే పాత పద్ధతి) పెట్టి ఉంటే, అది సర్వర్‌లోని ఇన్‌బాక్స్‌ను మాత్రమే దించుతుంది. సర్వర్‌లో స్పామ్ ఫోల్డర్ అనేది ఒకటుందని దానికి తెలియను కూడా తెలియదు. చాలాచోట్ల పాత సెటప్‌లో స్పామ్ అనుమానం ఉన్న మెయిల్‌కి సబ్జెక్టు ముందు స్పామ్ అని ముద్ర వేసి ఇన్‌బాక్స్‌లోకే వదిలేవాళ్లు. అప్‌గ్రేడ్ తర్వాత దాన్ని వేరే ఫోల్డర్‌లోకి నెట్టేలా మారి ఉండొచ్చు. మేనేజర్ గారి ఫోన్ బహుశా ఐమ్యాప్‌లో, అంటే మెయిళ్లను సర్వర్‌లోనే ఉంచి చూపించే పద్ధతిలో, ఉంటుంది, అందుకే ఆయనకి అన్ని ఫోల్డర్లూ కనిపిస్తాయి. ఒకసారి ఆ ఫోన్‌లోనే జంక్ చూడమనండి, ఇంకా తొందరగా తేలిపోతుంది.

ఇక సెట్టింగ్స్. మెయిళ్లు తెచ్చుకోవడానికి ఐమ్యాప్ అయితే పోర్టు (సర్వర్‌లోకి వెళ్లే తలుపు నంబరు) 993, పాప్ అయితే 995, రెండింటికీ ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్, అంటే దారిలో ఎవరూ చదవకుండా తాళం వేసే ఎన్‌క్రిప్షన్. పంపడానికి పోర్టు 465 అయితే ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్, 587 అయితే స్టార్ట్‌టీఎల్ఎస్. పాత 143, 110 పోర్టుల్లో ఎన్‌క్రిప్షన్ లేకుండా పాస్‌వర్డ్ పంపితే కొత్త సర్వర్లు ఒప్పుకోవు. మెయిళ్లు వస్తూ పోకపోవడానికి మామూలుగా రెండే కారణాలు. ఒకటి, పంపే పోర్టు ఇంకా 25 అనే ఉండటం. అది సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పోర్టు, చాలా ఇంటర్నెట్ కంపెనీలు దాన్ని మూసే ఉంచుతాయి. రెండోది, అవుట్‌లుక్‌లో మోర్ సెట్టింగ్స్, అందులో అవుట్‌గోయింగ్ సర్వర్ అనే ట్యాబ్‌లో "ఆథెంటికేషన్ కావాలి" అనేదానికి టిక్ లేకపోవడం.

పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ అడిగే సిస్టమ్‌లో యూజర్‌నేమ్ చూడండి. కొన్ని పాత సర్వర్లు ముందు భాగం ఒక్కటే ఇచ్చినా ఊరుకునేవి. ఇప్పుడు పూర్తి మెయిల్ అడ్రస్ ఇవ్వాలి. ఇంకో మాట. తప్పు పాస్‌వర్డ్‌తో ఆ సిస్టమ్ అదే పనిగా తలుపు కొడుతూ ఉంటే, సర్వర్‌లోని ఫైర్‌వాల్ మీ ఆఫీసు ఐపీ అడ్రస్‌నే (ఇంటర్నెట్‌లో మీ ఆఫీసు చిరునామా) కొంతసేపు బ్లాక్ చేస్తుంది. అప్పుడు బాగున్న సిస్టమ్‌లు కూడా ఆగిపోతాయి, సొంత మొబైల్ డేటా మీద నడిచే ఫోన్ మాత్రం పనిచేస్తుంది. అలా జరిగితే హోస్టింగ్ వాళ్లకి "మా ఐపీ బ్లాక్ అయిందేమో చూడండి" అని అదే ముక్క చెప్పండి. "మెయిల్ రావట్లేదు" అంటే వాళ్ల నుంచి వచ్చే జవాబు మీరు ఇప్పటికే విన్నారు.

చిత్తూరు

అన్నా, దొరికింది! వెబ్‌మెయిల్ స్పామ్‌లోనే ఉంది. ఆ ఒక్కటే కాదు, నెదర్లాండ్స్ పార్టీ అడిగిన కొటేషన్ మెయిల్, షిప్పింగ్ ఏజెంట్ పంపిన డ్రాఫ్ట్ బీఎల్ (ఓడలో సరుకు పంపే కాగితం, బిల్ ఆఫ్ లేడింగ్) కూడా అక్కడే పడి ఉన్నాయి. పోర్టు 465 పెట్టాక రెండో సిస్టమ్ నుంచి పోతున్నాయి. పాస్‌వర్డ్ అడిగే సిస్టమ్ మాత్రం పూర్తి అడ్రస్ ఇచ్చినా కదలడం లేదు. అది విండోస్ 7, అవుట్‌లుక్ 2010. ఇంకో సిస్టమ్‌లో సర్టిఫికెట్ పేరు సరిపోలడం లేదని హెచ్చరిక వస్తోంది. ఎస్ కొట్టి ముందుకు పోవచ్చా?

తిరుపతి, సర్వర్ పని

కళ్లు మూసుకుని ఎస్ కొట్టొద్దు. సర్వర్ పేరు దగ్గర మీరు రాసిన పేరు, సర్టిఫికెట్ మీద ఉన్న పేరు వేరువేరని ఆ హెచ్చరిక అర్థం. హోస్టింగ్ వాళ్లు అప్‌గ్రేడ్ గురించి పంపిన మెయిల్‌లో, లేదా వాళ్ల వెబ్‌సైట్‌లోని కంట్రోల్ ప్యానెల్‌లో మెయిల్ క్లయింట్ సెట్టింగ్స్ దగ్గర సర్వర్ పేరు ఉంటుంది, అక్షరం పొల్లుపోకుండా దాన్నే వేయండి. పేరు బదులు పాత ఐపీ అంకెలు రాసి ఉన్నా ఇదే హెచ్చరిక వస్తుంది.

విండోస్ 7 సంగతి వేరు. టీఎల్ఎస్ 1.0, 1.1 పద్ధతులను 2021 మార్చిలో అధికారికంగా పక్కన పెట్టేశారు. కొత్త సర్వర్లు కనీసం 1.2 అడుగుతాయి. విండోస్ 7కి 1.2 వచ్చు గానీ అవుట్‌లుక్ లాంటి వాటికి అది మొదటి నుంచి ఆన్‌లో ఉండదు. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఒకటి వేసి, రిజిస్ట్రీలో మార్పు చేయాలి. చేయించవచ్చు, కానీ నా మాట వింటే ఆ డబ్బు, సమయం దాని మీద పెట్టొద్దు. విండోస్ 7కి 2020 జనవరిలో, అవుట్‌లుక్ 2010కి అదే ఏడాది అక్టోబరులో సపోర్ట్ ఆగిపోయింది. సీజన్ అయ్యేదాకా ఆ సిస్టమ్‌లో వెబ్‌మెయిల్ వాడుకుని, ఆ తర్వాత సిస్టమ్ మార్చండి. "మా కోసం పాత టీఎల్ఎస్ తెరవండి" అని మాత్రం హోస్టింగ్ వాళ్లను అడగకండి. కొందరు తెరుస్తారు కూడా, అదే బాధ.

వీలు చూసుకుని అన్నింటినీ ఐమ్యాప్‌లోకి మార్చండి. పాప్ అకౌంట్ తీసేయకుండా, దాని పక్కనే అదే ఐడీని ఐమ్యాప్‌గా కొత్తగా కలపండి. పాత మెయిళ్లు చాలావరకు ఆ సిస్టమ్‌లోని పీఎస్టీ ఫైల్‌లోనే ఉంటాయి, సర్వర్‌లో ఉండవు. ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసుకోండి. అప్పుడే మిగతా పని.

మదనపల్లె

మధ్యలో వస్తున్నా. మాకు అప్‌గ్రేడ్ అయ్యాక పాత మెయిళ్లన్నీ రెండోసారి దిగాయి. వైరస్ అనుకోవాలా?

తిరుపతి, సర్వర్ పని

వైరస్ కాదండి. ప్రతి మెయిల్‌కి సర్వర్ ఒక గుర్తు సంఖ్య ఇస్తుంది. సర్వర్ మారినప్పుడు ఆ గుర్తులు మారితే పాప్ ప్రోగ్రాం వాటన్నింటినీ కొత్త మెయిళ్లే అనుకుని మళ్లీ దించుతుంది. ఒక్కసారే జరుగుతుంది.

చిత్తూరు

సరే అన్నా. ఇప్పుడు స్పామ్ సంగతి చెప్పండి. కంట్రోల్ ప్యానెల్‌లో స్కోరు 5 అని ఉంది. మా వాళ్లు 2 చేస్తే ఫిల్టర్ మెత్తబడుతుందంటున్నారు.

తిరుపతి, సర్వర్ పని

తిరగబడింది సార్. అది స్పామ్ అసాసిన్ అయి ఉంటుంది. ప్రతి మెయిల్‌కి లక్షణాలను బట్టి మార్కులు వేస్తుంది. మార్కులు మీరు పెట్టిన గీత దాటితే స్పామ్. గీత 2కి దించితే మంచి మెయిళ్లు ఇంకా ఎక్కువ పోతాయి. మామూలుగా పెట్టి ఇచ్చేది 5. మీరు దాన్ని కదపకండి. కింద "ఆటో డిలీట్" అని ఒకటి ఉంటుంది, అది ఆఫ్‌లో ఉందో లేదో ఇప్పుడే చూడండి. ఫోల్డర్‌లోకి పోయిన మెయిల్‌ని వెతికి తెచ్చుకోవచ్చు, డిలీట్ అయినది మళ్లీ చేతికి రాదు. బయ్యర్ మెయిల్ ఒక్కటి పోయినా ఎంత నష్టమో మీకే బాగా తెలుసు.

తర్వాత ఫిల్టర్స్ అనే చోట పాతవాళ్లెవరైనా పెట్టిన మాటల ఫిల్టర్లు చూడండి. "ఆఫర్" అనే మాట ఉంటే తీసేయ్ అని చాలా ఆఫీసుల్లో పెట్టి ఉంటారు. మీ వ్యాపారంలో బయ్యర్ నోరు తెరిస్తే వచ్చే మాటే అది. పల్ప్ టన్నుకి ఎంత ఆఫర్ ఇస్తారు, బెస్ట్ ఆఫర్ పంపండి అనే కదా రాస్తారు.

బయ్యర్ల అడ్రస్‌లను వైట్‌లిస్ట్‌లో, అంటే ఫిల్టర్ ఆపకూడని వాళ్ల జాబితాలో, వేయండి. సొంత డొమైన్ ఉన్న కంపెనీ అయితే డొమైన్ మొత్తం వేసినా ఫర్వాలేదు. కానీ జీమెయిల్ మొత్తాన్ని వేయొద్దు, మీ సొంత డొమైన్‌ని అసలే వేయొద్దు. మీ యజమాని పేరుతో, మీ డొమైన్ నుంచే వచ్చినట్టు మోసగాళ్లు మెయిల్ పంపడం మామూలైపోయింది. వైట్‌లిస్ట్‌లో ఉంటే అవి నేరుగా ఇన్‌బాక్స్‌లో దిగుతాయి.

ఇన్‌బాక్స్‌లో పడే చెత్తను డిలీట్ కొట్టకుండా జంక్‌లోకి జరపండి. జంక్‌లో చిక్కిన మంచివాటిని ఇన్‌బాక్స్‌కి జరపండి. అలా జరిపినప్పుడు ఫిల్టర్ నేర్చుకునే ఏర్పాటు ఆన్‌లో ఉందా అని హోస్టింగ్ వాళ్లను అడగండి. అప్‌గ్రేడ్‌లో పాత నేర్పు చెరిగిపోయి ఉండొచ్చు, చెత్త ఒక్కసారిగా పెరగడానికి అదీ కారణమే. మామూలు సెట్టింగ్‌లో ఆ నేర్చుకునే విభాగం కనీసం 200 మంచి మెయిళ్లు, 200 చెత్త మెయిళ్లు చూసేదాకా పని మొదలే పెట్టదు. కాబట్టి కొన్నాళ్లు ఓపిక పట్టాలి.

ఫిల్టర్ ఎందుకు ఆపొద్దన్నానో ఇప్పుడు చెప్తా. అప్‌గ్రేడ్ వార్త బయటికి పొక్కినా పొక్కకపోయినా "మీ మెయిల్‌బాక్స్ అప్‌గ్రేడ్ అయింది, ఈ లింకులో పాస్‌వర్డ్ ధ్రువీకరించండి" అనే మెయిళ్లు తిరుగుతూనే ఉంటాయి. మామూలు రోజుల్లో ఎవరూ నమ్మరు. నిజంగానే అప్‌గ్రేడ్ జరిగిన వారంలో నమ్ముతారు. ఒక్కరు పాస్‌వర్డ్ ఇచ్చారంటే, లోపల కూర్చుని మీ ఇన్‌వాయిస్‌లన్నీ చదివి, సరిగ్గా డబ్బు వచ్చే సమయానికి బయ్యర్‌కి "మా బ్యాంకు ఖాతా మారింది" అని మీ ఐడీ నుంచే రాస్తారు. అందుకే ప్రతి ఐడీలో ఫార్వర్డర్లు (వచ్చిన మెయిల్‌ని వేరే అడ్రస్‌కి పంపే ఏర్పాటు) చూడండి, తెలియని అడ్రస్‌కి కాపీ పోతుంటే వెంటనే తీసేసి పాస్‌వర్డ్ మార్చండి. బ్యాంకు ఖాతా మారిందని ఎవరు రాసినా పాత నంబరుకి ఫోన్ చేసి కనుక్కోండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

తిరుపతి, బస్టాండు దగ్గర లాడ్జి

స్వామీ, మాది ఇంకో రకం. సర్వర్ మారినప్పటి నుంచి మేం పంపే రూమ్ బుకింగ్ మెయిళ్లు యాత్రికుల జీమెయిల్‌లో స్పామ్‌లో పడుతున్నాయంట. తెల్లారుజామున లగేజీతో దిగి, మెయిలే రాలేదని కౌంటర్ దగ్గర గొడవ. మా ఫిల్టర్ మారిస్తే పోతుందా?

తిరుపతి, సర్వర్ పని

మీ ఫిల్టర్‌కి దీంతో పని లేదు స్వామీ. మీరు పంపేదాన్ని అవతలివాళ్ల ఫిల్టర్ అనుమానిస్తోంది. మీ సొంత జీమెయిల్‌కి ఒక బుకింగ్ మెయిల్ పంపి, కంప్యూటర్‌లో దాన్ని తెరిచి, పక్కనున్న మూడు చుక్కల్లో "షో ఒరిజినల్" నొక్కండి. పైన ఎస్పీఎఫ్, డీకిమ్ అని ఉంటాయి. పక్కన పాస్ అని లేకపోతే జబ్బు అక్కడే. ఎస్పీఎఫ్ అంటే మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా. సర్వర్ ఐపీ మారింది, జాబితాలో పాతదే ఉండిపోయింది. కొత్తది కలపాలి. కలిపేటప్పుడు ఉన్న రికార్డునే దిద్దండి, రెండో రికార్డు పెట్టొద్దు, రెండుంటే రెండూ చెల్లవు. డీకిమ్ అంటే మెయిల్ మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే డిజిటల్ సంతకం, దాని తాళం కూడా కొత్త సర్వర్‌లో మారి ఉంటుంది. డొమైన్ ఒకచోట, హోస్టింగ్ ఇంకోచోట కొన్నవాళ్లకు ఆ తాళం దానంతట అది మారదు, డొమైన్ ఉన్నచోట చేత్తో వేయాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి ఎవరు పంపినా ఈ రెండింటిలో ఒకటైనా సరిగ్గా ఉండాలి, రోజుకు 5,000 దాటి పంపేవాళ్లకు డీమార్క్‌తో (ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే రికార్డు) కలిపి మూడూ కావాలి.

లాడ్జి

ఎస్పీఎఫ్ ఎదురుగా ఫెయిల్ అని ఉంది స్వామీ. డొమైన్ పెట్టిచ్చిన అబ్బాయికి స్క్రీన్‌షాట్ పంపాను.

చిత్తూరు

అన్నా, ఆటో డిలీట్ ఆన్‌లోనే ఉండింది, ఆపాను. "ఆఫర్" ఫిల్టర్ లేదు గానీ "అర్జెంట్" అనే మాటకి ఒకటి ఉంది, తీసేశాను. ఇంకో రెండు మిగిలాయి. జెరాక్స్ మెషీన్ నుంచి స్కాన్ చేసి నేరుగా మెయిల్ పంపేవాళ్లం, అది పనిచేయడం లేదు. శనివారం రాత్రి నుంచి ఆదివారం సాయంత్రం దాకా ఒక్క మెయిల్ కూడా ఎవరికీ లేదు, స్పామ్‌లో కూడా లేదు.

తిరుపతి, సర్వర్ పని

మెషీన్ పాతదైతే దానికి టీఎల్ఎస్ 1.2 రాకపోవచ్చు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్‌కి ఫర్మ్‌వేర్ ఉంటే వేయించండి. లేకపోతే మెయిల్ బదులు ఆఫీసు సిస్టమ్‌లో ఒక షేర్డ్ ఫోల్డర్‌లోకి స్కాన్ పడేలా పెట్టుకోండి.

ఆదివారం సంగతి మాత్రం ఇవాళే చూడాలి. సర్వర్ మారినా, పాత చిరునామా కొన్ని గంటలపాటు లోకంలోని మిగతా సర్వర్ల జ్ఞాపకంలో ఉంటుంది. అప్పుడు పంపిన మెయిళ్లు పాత సర్వర్‌లోనే దిగి ఉండొచ్చు. పాతదాన్ని చెరిపేశారంటే అవీ పోతాయి. హోస్టింగ్ వాళ్లకి ఫోన్ కాకుండా టికెట్ రూపంలో రాయండి: పాత సర్వర్‌లో ఈ రెండు తేదీల మధ్య పడిన మెయిళ్లను అన్ని ఐడీలకూ కొత్త సర్వర్‌లోకి కాపీ చేయాలి, అది అయ్యేదాకా పాతది తీసేయకూడదు. టికెట్ నంబరు దగ్గర పెట్టుకోండి. వాళ్లు చేసేలోపు, ఆ రెండు రోజుల్లో రాసి ఉండే బయ్యర్లందరికీ "మళ్లీ పంపండి" అని వాట్సాప్‌లో ఒక మాట వేసేయండి.