ఇలియాస్టమీ అయి 14 నెలలైనా మలద్వారం దగ్గర నొప్పి తగ్గడం లేదు

సోంపేట కుట్టుమిషను:
నా వయసు 44. మాది సోంపేట దగ్గర పల్లె. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. 11 ఏళ్లు అల్సరేటివ్ కొలైటిస్‌తో (పెద్ద పేగు లోపల వాచి పుండ్లు పడే జబ్బు) నెత్తురు విరేచనాలు పడ్డాక, ఇక ఏ మందూ పనిచేయదని విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి, పెద్ద పేగంతా తీసివేసి, శాశ్వతంగా ఇలియాస్టమీ పెట్టారు, అంటే చిన్న పేగు చివరను పొట్ట మీదకు తెచ్చి, మలం బ్యాగులోకి వచ్చేలా చేశారు. బ్యాగు మార్చుకోవడం, చుట్టూ చర్మం ఒరుసుకుపోకుండా చూసుకోవడం, గంజీ ఉప్పు మజ్జిగా తాగుతూ ఒంట్లో నీరు తగ్గకుండా కాపాడుకోవడం అన్నీ అలవాటయ్యాయి. ఈ నొప్పి ఒక్కటే అలవాటు కావడం లేదు. మిషను ముందు గంటసేపు కూర్చుంటే చాలు, మలద్వారం లోపల ఎవరో పిడికిలి బిగించి పట్టుకున్నట్టు ఉంటుంది. వెంటనే విరేచనానికి వెళ్లాలనిపిస్తుంది, వెళితే ఏమీ రాదు. నాలుగైదు రోజులకొకసారి బట్టలకు తెల్లటి జిగురు అంటుతోంది. పాత నేతచీర ఎనిమిది మడతలు వేసి కుర్చీ మీద పరుచుకున్నా పెద్దగా తేడా లేదు. మందుల దుకాణంలో అడిగి డైక్లోఫెనాక్ నొప్పిమాత్ర వేసుకుంటున్నాను. "తీసేసిన చోట నొప్పేమిటి" అని ఇంట్లోవాళ్లు అంటున్నారు. చూపించుకున్న ఒక చోట కూడా ఇది భయమేనని పంపేశారు. మీలో ఎవరికైనా ఇలా ఉందా? ఎలా ఓర్చుకున్నారు?

విజయనగరం కోట వీధి:
అమ్మా, నాకు ఇలియాస్టమీ అయి 6 ఏళ్లు దాటింది. నాకు పురీషనాళం (మలద్వారానికి పైన ఉండే పెద్ద పేగు చివరి భాగం) కూడా తీసివేసి, మలద్వారాన్ని కుట్టి మూసేశారు. అయినా మొదటి రెండేళ్లు మీరు చెప్పిన ఒత్తిడే, తెల్లవారుజామున నిద్ర లేపేంతగా వచ్చేది. కాలు తీసేసినవారికి లేని కాలు నొప్పి పుట్టినట్టే ఇదీ వస్తుందనీ, అవయవం పోయినా దాని వార్త మోసే నరాలు మిగిలే ఉంటాయనీ మా సర్జన్ వివరించిన రోజున నాకు సగం బరువు దిగింది. కనుక ఇది మీ భ్రమ అని ఎవరన్నా నమ్మకండి. అలా ఒత్తిడి వచ్చినప్పుడు మరుగుదొడ్డి మీద కూర్చుని, ముక్కకుండా, కాస్త ముందుకు వంగి ఐదు నిమిషాలు నెమ్మదిగా ఊపిరి వదిలితే నాకు సర్దుకునేది. నరాల నొప్పికి రాత్రిపూట తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ రాశారు. నోరు ఎండిపోయేది గానీ నిద్ర పట్టింది. విశాఖ బస్సులో ఇప్పటికీ మెత్తటి దిండు లేకుండా కూర్చోను. మధ్యలో చిల్లు ఉన్న గుండ్రటి దిండు మాత్రం నాకు వద్దన్నారు, కుట్లు వేసిన చోటును అది రెండు పక్కలకూ లాగుతుందట.

శ్రీకాకుళం నర్సు:
నేను సర్జికల్ వార్డులో పనిచేస్తాను. పై పెద్దాయన తన అనుభవం సరిగ్గానే చెప్పారు, అయితే మీ ప్రశ్నలో జిగురు సంగతి చూసి ఆగిపోయాను. ఆపరేషన్ తరువాత మీకు కుట్లు పొట్ట మీద మాత్రమే ఉన్నాయా, కింద కూడా వేశారా? పెద్ద పేగు తీసి పురీషనాళాన్ని లోపలే వదిలేయడం చాలామందిలో జరుగుతుంది. "పేగంతా తీశాం" అన్న మాటలో ఇది చెప్పినట్టే ఉండి చెప్పకుండా పోతుంది. అలా మిగిలిన పురీషనాళం జిగురు తయారు చేస్తూనే ఉంటుంది. మలంలోని పీచును బాక్టీరియా పులియబెట్టినప్పుడు పుట్టే కొవ్వు ఆమ్లాలే దాని లోపలి పొరకు ఆహారం. మలం రావడం ఆగిపోతే ఆ పొర ఆకలికి వాచి నొప్పి పెడుతుంది. పాత కొలైటిస్ కూడా అక్కడ తిరగబెట్టవచ్చు. దీనికి పైనుంచి నొప్పిమాత్ర కాదు, లోపల పెట్టే మందు కావాలి. ఆ భాగంలో క్యాన్సర్ వచ్చే అవకాశం మిగిలే ఉంటుంది కనుక డాక్టరు చెప్పిన వ్యవధిలో స్కోపీ (కెమెరా గొట్టంతో లోపల చూడడం) కూడా తప్పనిసరి. ఒకవేళ మీకు కిందే కుట్టి మూసేసి ఉంటే, ఆ చోటినుంచి ద్రవం కారడం పుండు లోపల మానలేదనడానికి గుర్తు కావచ్చు, దానికి ఎంఆర్ఐ తీయించాలి. జ్వరం, చీము, నెత్తురు కనిపిస్తే అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకండి.

ఇంకొక మాట గట్టిగా చెబుతున్నాను. డైక్లోఫెనాక్ ఈ రోజే ఆపండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇలియాస్టమీ ఉన్నవారికి ఉప్పూ నీరూ బ్యాగులోకి పోతూనే ఉంటాయి, అటువంటి ఒంటి మీద ఈ మాత్ర కిడ్నీలను నేరుగా దెబ్బతీస్తుంది. నరాల నొప్పికి గాబాపెంటిన్ రాసినా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసిన తరువాతే మోతాదు నిర్ణయించమని అడగండి. పై పూత ఉన్న మాత్రలు, నెమ్మదిగా కరిగే మాత్రలు కరగకుండానే బ్యాగులోకి వచ్చేయగలవు. మాత్ర మాత్రలాగే కనిపిస్తే డాక్టరుకు చెప్పండి.

బొబ్బిలి వీణ:
నాకు పురీషనాళం లోపలే ఉంది. ఆ జిగురు కొన్నిసార్లు లోపలే గట్టిపడి ఉండలా అడ్డుపడుతుంది, మీరన్న పిడికిలి నొప్పి నాకు అప్పుడే వచ్చేది. రోజుకొకసారి మరుగుదొడ్డికి వెళ్లి కూర్చోవడం, అవసరమైతే గ్లిజరిన్ సపోజిటరీ (మలద్వారంలో పెట్టుకునే, లోపల కరిగే మందు బిళ్ల) పెట్టుకోవడం మా డాక్టరు నేర్పారు. తరువాత వాపు తగ్గించే మెసలమైన్ సపోజిటరీ రాత్రిపూట రాశారు. ఎడమవైపు తిరిగి పడుకుని పెట్టుకుంటాను. ఎండాకాలంలో అవి మెత్తబడిపోతాయి, నేను మూత గట్టి స్టీలు డబ్బాలో వేసి నీళ్లకుండ పక్కన పెడతాను. నాకు తేడా తెలియడానికి నెల పట్టింది.

సోంపేట కుట్టుమిషను:
మీ అందరికీ నమస్కారాలు. నర్సమ్మగారు అడిగాక ఆలోచిస్తే, నాకు కింద కుట్లు వేయలేదు. బీరువాలోంచి ఆపరేషన్ కాగితాలు తీసి మా అబ్బాయితో చదివించాను. రెండో పేజీ అడుగున "రెక్టల్ స్టంప్" అని, అంటే లోపలే వదిలేసిన పురీషనాళం అని, ఒక్క ముక్క రాసి ఉంది. 14 నెలలుగా ఆ కాగితం ఇంట్లోనే ఉంది. మాత్రలు ఆపేశాను. గురువారం సర్జన్ దగ్గరకు వెళ్లి, ఆ పేజీ చూపించి, స్కోపీ గురించీ లోపల పెట్టే మందు గురించీ అడుగుతాను. ముందుగా క్రియాటినిన్ పరీక్షకు రేపు పొద్దున్నే రక్తం ఇస్తున్నాను.