అప్‌డేట్: గ్యారంటీ ఉన్న ఖరీదైన సాక్స్ కొనాలా?

ముందు అడిగింది ఇదీ: చిరిగితే కొత్త జత ఇస్తామనే మెరినో (మెత్తటి గొర్రె ఉన్ని) సాక్స్‌కి మామూలు వాటికన్నా నాలుగైదు రెట్లు పెట్టడం దండగా, కాదా? జవాబులన్నీ చదివాక తేలింది, రోజూ బూట్లతో బాగా నడిచేవాళ్లకి దండగ కాదు.

గ్యారంటీ కన్నా ముందు చూడాల్సింది అల్లిక. ఉత్త ఉన్ని రాపిడికి ఆగదు. మడమ, వేళ్ల దగ్గర నైలాన్ కలిపి దట్టంగా అల్లాలి. లేబుల్ మీద నైలాన్ 25–40 శాతం ఉంటే మంచిది. సైజు పెద్దదైతే దట్టమైన మడమ భాగం పైకి జరిగిపోయి, పల్చటి చోట చిల్లు పడుతుంది. బూటు లోపల మడమ దగ్గర లైనింగ్ చిరిగి ఉంటే మాత్రం ఎంత మంచి సాక్సైనా నిలవదు, ముందు దాన్ని బాగుచేయించండి.

తిరగేసి చన్నీళ్లలో ఉతకాలి. బ్లీచ్ వద్దు. డ్రయర్ వేడికి ఎలాస్టిక్ సాగిపోతుంది కాబట్టి నీడన ఆరేయడమే మేలు.

డార్న్ టఫ్ లాంటి కంపెనీలు జీవితకాల గ్యారంటీ ఇస్తాయి. అయితే చిరిగినవి వెనక్కి పంపే ఖర్చు ఎవరిదో కొనేముందే కనుక్కోండి. అది జత ధరలో సగం దాటితే గ్యారంటీని లెక్కలో వేసుకోవద్దు. రెండు మూడు జతలు పోగయ్యాక, ఉతికి, ఒకే పార్సిల్‌లో పంపితే గిట్టుబాటవుతుంది.