కటాలు: మూడు నెలలకొకటా, ఏడాదికొకటా?

బురుజు_కర్నూలు:
షోటోకాన్ కరాటే క్లాసుల్లో మూడు నెలలకో గ్రేడింగ్ (బెల్టు పరీక్ష), గ్రేడింగ్‌కో కొత్త కటా (వరసగా చేసే కదలికల కూర్పు) అనే పద్ధతి మన జిల్లాల్లో బాగా పెరిగింది. పిల్లోళ్లు హెయాన్ కటాలు అయిదింటిలో చివరిదైన గోదాన్ దాకా పోతున్నారు. మొదటిదైన హెయాన్ షోదాన్ చేయమంటే మాత్రం మొదలుపెట్టిన చోటికి తిరిగి రాలేకపోతున్నారు. ఉన్నది 21 కదలికలు. అవి కుదిరేదాకా రెండో కటా నేర్పొద్దంటాను, ఏడాది పట్టినా సరే.

పెన్నా_కడప:
ఏడాది చాలా ఎక్కువన్నా. షోదాన్‌లో ఏముందో లెక్కేయండి: ఓయ్ జుకి (అడుగేసి గుద్దు) ఏడు, గెదాన్ బరాయ్ (కిందికి అడ్డు) ఆరు, షుతో ఉకె (చేతి అంచుతో అడ్డు) నాలుగు, అగె ఉకె (పైకి అడ్డు) మూడు, తెత్సుయ్ (పిడికిలితో సుత్తి దెబ్బ) ఒకటి. కిక్ ఒక్కటీ లేదు. కోకుత్సు దాచి (బరువు వెనక కాలి మీదుండే నిలుపు) చివరి నాలుగింటిలోనే. అదే రెండో కటా నిదాన్‌లో మొదటి కదలికే కోకుత్సు. కిబా దాచి (గుర్రం మీద కూర్చున్నట్టుండే నిలుపు) కావాలంటే మూడోదైన సాందాన్‌కు రావాల్సిందే. కరాటే గురువు ఇతోసు ఈ అయిదింటినీ ఒకినావా బడిపిల్లల కోసం కూర్చినాడు, ఒకదాన్నే పట్టుకుని కూర్చోడానికి కాదు.

బురుజు_కర్నూలు:
కిక్కులు, కోకుత్సు కిహోన్‌లో (విడి కదలికల సాధనలో) రోజూ చేయిస్తాం కదా. కటాలో నేర్చుకోవాల్సింది మలుపు. తొమ్మిదో కదలికలో కియాయ్ (కేక) వేసినాక కుడికాలి మీద 270 డిగ్రీలు తిరగాలి. ఎడమకాలు వెనకనుంచి కుడికాలి గీత దాటి, భుజాల వెడల్పంత అవతల పడాలి. పిల్లోళ్లు దాన్ని సగంలోనే దించేస్తారు. రెండు పాదాలూ ఒకే గీత మీదికొస్తాయి, నడుము తిరగదు, గెదాన్ బరాయ్ వేసేటప్పుడు ఒళ్లు ఊగుతుంది. ఈ తప్పుతోనే గోదాన్‌కు పోతే అక్కడ దిద్దేదెవరు?

అనంత_డోజో:
మలుపు సంగతి నూటికి నూరుపాళ్లు నిజం సార్. దాన్ని పట్టుకోడానికి మన నాపరాళ్ల గచ్చే చాలు. బండల మధ్య అతుకు గీతకు చెరోపక్క ఒక్కో పాదం ఉండేలా నిలబెట్టండి. మలుపు తిరిగినాక రెండు పాదాలూ గీత మీదే ఉంటే తప్పు వాడికే కనబడుతుంది. కటా ఎక్కడ ముగిసిందో కూడా చూడండి. అగె ఉకెలతో ముందుకేసిన అడుగులు పొడుగై, ఓయ్ జుకిలతో తిరిగొచ్చేవి పొట్టివైతే మొదటి చోటికి చేరలేరు. అంటే కాళ్లు అలిసి జెంకుత్సు (ముందుకాలు వంచిన నిలుపు) పైకి లేస్తోందని అర్థం.

ఒక జాగ్రత్త. గరుకు బండ మీద పాదం పట్టేసి మోకాలొక్కటే మెలిపడుతుంది. మడమ తేలికచేసి తిప్పడం ముందుగా నేర్పండి.

పెన్నా_కడప:
ఒప్పుకుంటా. కానీ అర్థం చెప్పకుండా ఏడాది తిప్పినా లాభం లేదు. నాలుగో కదలిక తెత్సుయ్‌నే తీసుకోండి. జతగాణ్ని కుడి మణికట్టు గట్టిగా పట్టుకోమని, ముందుకాలు వెనక్కి లాక్కుంటూ చెయ్యి విడిపించుకోమనాలి. ఒంటి బరువుతో లాగితేనే పట్టు వదులుతుంది. అది తెలియనోళ్లు చెయ్యి గుండ్రంగా తిప్పి వదిలేస్తారు, కాలు కదలదు. ఇట్లా నేర్పితే షోదాన్‌కు ఆరు నెలలు చాలు. పైగా డబ్ల్యూకేఎఫ్ (ప్రపంచ కరాటే సమాఖ్య) పోటీలకు పోయేవాళ్లకు రౌండు రౌండుకూ కటా మార్చాలి, ఒకటీ రెండిటితో గడవదు.

బురుజు_కర్నూలు:
పోటీ పిల్లల లెక్క వేరు, వాళ్లు నూటికి అయిదుగురు కూడా ఉండరు. ఆరు నెలలకు సరే, ఒక షరతు మీద. నిదాన్ మొదలైనా ప్రతి క్లాసులో షోదాన్ మూడుసార్లు చేయించాలి: లెక్క పెడుతూ ఒకటి, లెక్క లేకుండా ఒకటి, ఎదురు గోడవైపు తిప్పి నిలబెట్టి ఒకటి. కిటికీనో తలుపునో గుర్తుపెట్టుకుని తిరిగేవాడు మూడోదాంట్లో ఆరో కదలిక దగ్గరే ఆగిపోతాడు. వాణ్ని గ్రేడింగ్‌కు పంపొద్దు.