సొసైటీ లిస్టులో అకౌంట్ నంబర్లు మారిపోతున్నాయి, ఎక్కడ తప్పు జరుగుతోంది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం అండి. నేను పాల సొసైటీల సంఘం ఆఫీసులో పని చేస్తాను. 14 ఊళ్ళ సెంటర్ల నుంచి పదిహేను రోజులకోసారి బిల్లు ఎక్సెల్‌లో వాట్సాప్‌కి వస్తుంది, అవన్నీ కలిపి పాల లెక్క డెయిరీకి, ఎవరికెంత వెయ్యాలో ఆ లిస్టు బ్యాంకుకి పంపుతాను. పోయిన బిల్లులో ముగ్గురికి డబ్బులు వెనక్కొచ్చేశాయి, ఒకావిడ డబ్బులైతే వేరేవాళ్ళ అకౌంట్‌లో పడ్డాయి. చూస్తే ఆవిడ నంబర్ చివర 7 ఉండాల్సిన చోట 0 ఉంది. సెంటర్ వాళ్ళు మేం సరిగ్గానే కొట్టాం అంటున్నారు, పాస్‌బుక్ జిరాక్స్‌లోనూ 7యే ఉంది. పైగా డెయిరీ లెక్కకీ మా లెక్కకీ ఎప్పుడూ తేడానే. ఆవిడ దాణా కొనాలమ్మా అని రోజూ వస్తోంది, మొహం చూపించలేకపోతున్నాను. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు:
వాళ్ళు నిజంగానే సరిగ్గా కొట్టి ఉంటారండి, మార్చింది ఎక్సెల్. అంకెగా కొట్టినదాంట్లో అది మొదటి 15 స్థానాలే ఉంచుకుంటుంది, 16 అంకెల అకౌంట్ నంబర్ కొట్టి ఎంటర్ నొక్కగానే చివరిది సున్నా అయిపోతుంది, హెచ్చరిక కూడా రాదు. ఆ కాలమ్ మొత్తాన్ని ముందే టెక్స్ట్‌గా మార్చి అప్పుడు కొట్టాలి, కొట్టాక మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు. రైతు కోడ్ 0045 కాస్తా 45 అయ్యేది కూడా ఇందుకే. సీఎస్వీ ఫైల్ (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైల్) వస్తే డబుల్ క్లిక్‌తో తెరవకండి, డేటా మెనూలోంచి తెచ్చుకుని ఆ కాలమ్ టెక్స్ట్ అని చెప్పండి. ఇంకోటి, డూప్లికేట్ల కోసం ఎక్సెల్‌లో కౌంట్ఇఫ్ అనే ఫార్ములా వాడితే అది టెక్స్ట్‌ని కూడా అంకెలాగే చూస్తుంది, చివరి అంకె ఒక్కటే వేరున్న రెండు 16 అంకెల నంబర్లని ఒకటే అనేస్తుంది, నమ్మకండి.

పేరు కరెక్టుగా ఉంది కదా అని ధైర్యపడొద్దు, నెఫ్ట్‌లో డబ్బు పడేది అకౌంట్ నంబర్ చూసే. ఆవిడ సంగతి మాత్రం ఇవాళే చూడండి, యూటీఆర్ నంబర్ (ఆ డబ్బు పంపినప్పుడు బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబర్) వేసి మీ బ్రాంచిలో రాసి ఇవ్వండి, అవతలి మనిషి ఒప్పుకుంటే తప్ప బ్యాంకు వెనక్కి తియ్యదు, ఆలస్యమయ్యేకొద్దీ కష్టం.

ఇంకొకరి జవాబు:
అక్కా, పాల తేడా ఎంత వస్తోంది, నూటికి మూడు అటూఇటూనా? అలా అయితే మీ సెంటర్లు లీటర్లలో కొలుస్తున్నాయి, డెయిరీ కాటా మీద కేజీల్లో తూస్తోంది. లీటరు పాలు దాదాపు 1.03 కేజీ, అంటే 1000 లీటర్లు అక్కడ 1030 అవుతాయి. మా దగ్గర దీని మీద ఒక సెంటర్ అబ్బాయిని దొంగ అన్నారు, పాపం రెండు నెలలు మాట పడ్డాడు. కాలమ్ పైన ఉత్త 'పాలు' అని కాకుండా 'పాలు లీటర్లలో' అని రాయించండి. తేదీ కూడా అంతే, 03/04 అంటే ఒక కంప్యూటర్‌కి ఏప్రిల్ 3, ఇంకోదానికి మార్చి 4, నెల పేరు అక్షరాల్లో పెట్టించండి.

వెనక్కొచ్చినవాటి ఐఎఫ్ఎస్సీలు, అంటే బ్యాంకు బ్రాంచి కోడ్‌లు, చూశారా? మొత్తం 11 అక్షరాలు, అయిదోది ఎప్పుడూ సున్నా, అక్కడ మనవాళ్ళు ఇంగ్లిష్ ఓ కొట్టేస్తారు. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది కదా, పాత పాస్‌బుక్ చూసి కొట్టిన కోడ్‌లు ఇంకా లిస్టుల్లో తిరుగుతున్నాయి. ఏపీలో అయితే నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒకటైపోయాయి, ఆ అకౌంట్లన్నిటి కోడ్‌లూ బ్రాంచిలో ఒకసారి అడిగేయండి.

అడిగినవారు:
అవునండి, మూడు శాతం దగ్గరే తేడా! నాకసలు తట్టనేలేదు. ఇంకో భయం, సెంటర్ పంపిందే నా దగ్గరకి వచ్చిందని, నేను పంపిందే బ్యాంకుకి చేరిందని ఎలా తెలుస్తుంది? నేనూ కొన్ని తప్పులు ఇక్కడే దిద్దేస్తుంటాను.

మొదట జవాబిచ్చినవారు:
ఆ దిద్దడం మానెయ్యండి, దణ్ణం పెట్టి చెప్తున్నా. మీరు దిద్దింది మీ ఫైల్లోనే ఉంటుంది, సెంటర్ నుంచి వచ్చే బిల్లుకి మళ్ళీ అదే తప్పు వస్తుంది, అప్పుడు ఎవరి కాపీ నిజమో మీకే తెలీదు. వెనక్కి పంపి వాళ్ళచేతే దిద్దించి, మొత్తం ఫైల్ కొత్తగా తెప్పించుకోండి.

ఫైల్‌తో పాటు సెంటర్ నుంచి విడిగా ఒక ఎస్సెమ్మెస్ రావాలి: ఎంతమంది రైతులు, మొత్తం రూపాయలు, అకౌంట్ నంబర్ల చివరి నాలుగేసి అంకెలు కూడితే ఎంత. ఆ మూడోది ఫైల్లోంచి కాదు, పాస్‌బుక్ జిరాక్స్‌లు ముందేసుకుని క్యాలిక్యులేటర్‌తో కూడమనండి. బ్యాంకుకి పంపేటప్పుడు మీరూ అదే చెయ్యండి. ఫైల్‌కి షా-256 హాష్ (ఫైల్ మొత్తం చూసి కంప్యూటర్ లెక్కగట్టే వేలిముద్రలాంటి కోడ్) తీసి పంపడం కూడా మంచిదే, ఒక్క అక్షరం మారినా హాష్ మారిపోతుంది. కానీ దారిలో ఎవరూ మార్చలేదనే అది చెప్తుంది, మొదట్లోనే తప్పు కొట్టి ఉంటే ఆ తప్పుని భద్రంగా చేరుస్తుంది అంతే.

అడిగినవారు:
ఇవాళ రెండు సెంటర్లకి చేసి చూశామండి. ఒకదాంట్లో కూడిక సరిపోయింది, రెండోదాంట్లో సరిగ్గా 9 తక్కువొచ్చింది. జిరాక్స్‌లు ఒక్కొక్కటీ పట్టుకుని చూస్తే ఒక పెద్దాయన నంబర్ చివర 9 ఉండాల్సింది సున్నా ఉంది, ఈ బిల్లు ఇంకా బ్యాంకుకి పోలేదు. ఆవిడ కాగితం కూడా బ్రాంచిలో ఇచ్చి రసీదు తీసుకున్నాను. మిగిలిన 12 సెంటర్లకి రేపు ఫోన్ చేస్తాను.