కెన్యా 2007 ఎన్నికలు: స్థానిక భాషల రేడియో ప్రసారాల పాఠాలు ఎక్కడ?

జర్నలిజం పీజీ ప్రాజెక్టు కోసం అడుగుతున్నాను. 2007 డిసెంబర్ 30న అధ్యక్షుడు కిబాకి మళ్లీ గెలిచినట్టు ప్రకటించి, ఆ సాయంత్రమే ప్రమాణం చేయించారు. ప్రత్యక్ష ప్రసారాలను ప్రభుత్వం ఆపేసింది. ఆ ఫలితంపై చెలరేగిన అల్లర్లలో 1,100 మందికి పైగా చనిపోయారు. ఆ అల్లర్లపై విచారణ జరిపిన వాకి కమిషన్ నివేదిక చదివాను; కలెంజిన్, కికుయు భాషల రేడియోలు విద్వేషం రెచ్చగొట్టాయన్న ఆరోపణలు అందులో ఉన్నాయి. కాస్ ఎఫ్‌ఎం వ్యాఖ్యాత జాషువా సాంగ్‌పై హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో నడిచి, 2016 ఏప్రిల్‌లో ఆగిపోయిన కేసు పత్రాలూ మూడు వారాలుగా వెతుకుతున్నాను. నాకు దొరికినవన్నీ ఎవరో విన్నామని చెప్పిన మాటలే. అసలు ప్రసారంలో ఏమన్నారో చూడకుండా ఒక స్టేషన్‌ను తప్పుపట్టడం అన్యాయమనిపిస్తోంది. డిసెంబర్ 27 పోలింగ్ నుంచి 2008 ఫిబ్రవరి 28న కుదిరిన అధికార పంపిణీ ఒప్పందం దాకా సాగిన ఆ ప్రసారాల రికార్డింగులు గానీ, ఇంగ్లిష్ అనువాదాలు గానీ ఏ ఆర్కైవ్‌లో దొరుకుతాయి?